బాలల గ్రంథపాలకులు: మన గ్రంథాలయ చరిత్రలో నిండని స్థానం

నవంబరు 14వ తేదీని మన పాఠశాలల్లో బాలల దినోత్సవంగా జరుపుకుంటాము. జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేది కూడా ఆ రోజే. ఈ రెండింటికీ ఒకే తేదీ కుదరడం యాదృచ్ఛికం. మొదటిది నెహ్రూ జన్మదినం. రెండవది 1919లో మద్రాసులో తొలి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగిన రోజు. ఆ సభ వెనుక ప్రధానమైన కృషి మన అయ్యంకి వెంకటరమణయ్యగారిది. అధ్యక్షత వహించినవారు బరోడా సంస్థానపు గ్రంథాలయాధికారి కుదాల్కర్. ఆ సభకు గుర్తుగానే 1968లో భారత గ్రంథాలయ సంఘం ఈ తేదీని జాతీయ గ్రంథాలయ దినంగా ప్రకటించింది.

తేదీ ఒకటే అయినా, పిల్లవాడూ గ్రంథాలయమూ ఆ రోజున కూడా కలుసుకోవడం అరుదు. బాలల దినోత్సవం బడిలో వేషాలతో, మిఠాయిలతో ముగుస్తుంది. వారోత్సవం గ్రంథాలయంలో పెద్దల ఉపన్యాసాలతో ముగుస్తుంది. పిల్లవాడు గ్రంథాలయం గడప దాటితే అక్కడ అతనికి ఎదురయ్యే మనిషి ఎవరు? ఆ మనిషి చేయవలసిన పని ఏమిటి? నూరేళ్ళకు పైబడిన మన గ్రంథాలయ చరిత్రలో ఆ పని ఎవరెవరి చేతులు మారింది? ఈ ప్రశ్నలను కొంత వివరంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల వెలుపల తెలుగు నేర్పుతున్న ఉపాధ్యాయులకు, నేర్పించాలని తపించే తల్లిదండ్రులకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధం ఉన్నది.

ఉద్యమ కాలం: చదివి వినిపించే మనిషి

తెలుగునాట పౌర గ్రంథాలయాల చరిత్రను సాధారణంగా 1886లో విశాఖపట్నంలో మంటెన ఆదినారాయణమూర్తిగారు నెలకొల్పిన సరస్వతీ నిలయంతో మొదలుపెడతారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. మరుసటి సంవత్సరం 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక వచ్చింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, పాతూరి నాగభూషణంగారు వంటి పెద్దలు ఆ తరువాతి దశాబ్దాలలో ఈ ఉద్యమాన్ని పల్లెపల్లెకూ చేర్చారు.

ఈ ఉద్యమం ప్రధానంగా వయోజనుల కోసం పుట్టింది. చదువురాని రైతుకు, కూలికి లోకజ్ఞానం కలిగించడం, స్వరాజ్య భావాన్ని నాటడం దాని లక్ష్యాలు. అందువల్ల ఆనాటి భాండాగారి పని బీరువా కాపలా కాదు. సాయంకాలం పత్రిక చదివి పదిమందికి వినిపించడం, పుస్తకాన్ని జనం ఉన్న చోటికి మోసుకుపోవడం అతని పనిలో భాగాలు. 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువపై పాతూరివారు నడిపిన పడవ గ్రంథాలయం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పడవలో గంటల తరబడి ప్రయాణించే జనానికి ఆ కాలాన్ని చదువుకు వినియోగించే అవకాశం దానివల్ల కలిగింది.

పిల్లలు ఈ దృశ్యంలో లేరని కాదు. తండ్రి వెంట వచ్చి అరుగు మీద కూర్చుని విన్నవారు ఉండే ఉంటారు. అయితే వారికని వేరే గది గాని, వేరే పుస్తకాలు గాని, వారి కోసమే నియమింపబడిన వ్యక్తి గాని లేడు. పెద్దబాలశిక్ష, శతకాలు, పురాణ కథలు తప్ప పిల్లల కోసమని వ్రాసిన తెలుగు పుస్తకాలే ఆనాడు కొద్ది. కాని చదివి వినిపించడం, మనిషిని బట్టి పుస్తకాన్ని ఎంచి ఇవ్వడం, పాఠకుడు రాలేకపోతే పుస్తకమే అతని వద్దకు వెళ్ళడం అనే మూడు అలవాట్లూ మన ఉద్యమంలో మొదటినుండీ ఉన్నాయి. బాలల గ్రంథపాలకుని పని సారాంశం కూడా ఈ మూడే.

ఇక్కడ మరొక విషయం గుర్తుంచుకోవాలి. ఈ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో బరంపురం, పర్లాకిమిడి, బళ్ళారి అన్నీ మద్రాసు రాజధానిలోనివే. గంజాం ప్రాంతం 1936లో ఒడిశాలో, బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రంలో చేరాయి. కాబట్టి గ్రంథాలయోద్యమం ఈనాడు సరిహద్దుల అవతల ఉన్న తెలుగువారికి కూడా పిత్రార్జితమే.

బాలల గది అనే భావన

పిల్లలకు ప్రత్యేకంగా ఒక గ్రంథపాలకురాలు ఉండాలన్న ఆలోచన అమెరికాలో పందొమ్మిదో శతాబ్ది చివర రూపుదిద్దుకున్నది. అంతకుముందు అక్కడి గ్రంథాలయాలలో చాలావాటిలో పన్నెండేళ్ళో పద్నాలుగేళ్ళో నిండని పిల్లలకు ప్రవేశమే లేదు. 1896లో బ్రూక్లిన్‌లోని ప్రాట్ సంస్థ గ్రంథాలయ భవనంలో పిల్లల కోసం ఒక గదిని కట్టించారు. ఆ గదిలో పనిచేసిన ఆన్ కారల్ మూర్ 1906లో న్యూయార్కు పౌర గ్రంథాలయంలో బాలల విభాగానికి అధిపతి అయ్యారు. పిల్లల ఎత్తుకు సరిపడే బల్లలు, వారి చేతికందే అరలు, వారం వారం కథాకాలక్షేపం, పిల్లవాడే తన పేరు వ్రాసి పుస్తకం తీసుకువెళ్ళే పద్ధతి ఆ తరంలో స్థిరపడ్డాయి.

మన దేశంలో ఈ భావనకు తొలి ఆశ్రయం బరోడా. 1910లో సయాజీరావు గైక్వాడ్ మహారాజు అమెరికానుండి బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుణ్ణి రప్పించి సంస్థానమంతటా గ్రంథాలయ వ్యవస్థను నిర్మింపజేశారు. అక్కడి కేంద్ర గ్రంథాలయంలో బాలలకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. 1951లో యునెస్కో సహకారంతో ప్రారంభమైన ఢిల్లీ పౌర గ్రంథాలయంలోనూ బాలల విభాగానికి మొదటినుండీ స్థానం ఇచ్చారు.

ఈ రెంటికీ నడుమ 1931లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్.రంగనాథన్‌గారు గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలను ప్రతిపాదించారు. ప్రతి పాఠకునికీ అతనికి తగిన పుస్తకం దొరకాలనీ, ప్రతి పుస్తకమూ దానికి తగిన పాఠకుణ్ణి చేరాలనీ వాటిలోని రెండు సూత్రాల భావం. ఈ సూత్రాలను పిల్లవాడికి అన్వయించి చూస్తే వాటి బరువు తెలుస్తుంది. పెద్దవాడు తనకు కావలసిన పుస్తకాన్ని పేరు పెట్టి అడుగుతాడు. ఏడేళ్ళ పిల్లకు తనకేం కావాలో చెప్పడం తెలియదు. ఆమె ముఖం చూసి పుస్తకం ఎంచి ఇవ్వగల మనిషి ఉంటేనే ఆ సూత్రాలు నెరవేరుతాయి.

చట్టం వచ్చింది, బీరువాకు తాళం పడింది

రంగనాథన్‌గారి కృషి ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. అది ఆనాటి ఆంధ్ర జిల్లాలకు కూడా వర్తించింది. 1955లో హైదరాబాదు రాష్ట్రం, 1960లో ఆంధ్రప్రదేశ్, 1965లో కర్ణాటకగా మారనున్న మైసూరు రాష్ట్రం, 1967లో మహారాష్ట్ర తమ తమ చట్టాలు చేసుకున్నాయి. 1936లోనే మద్రాసునుండి విడిపోయిన గంజాం తెలుగువారికి మాత్రం 1948 చట్టపు ఫలం దక్కలేదు. ఒడిశాలో గ్రంథాలయ చట్టం 2001లో గాని రాలేదు. ఒకే ఉద్యమానికి వారసులైన రెండు ప్రాంతాల మధ్య చట్టం విషయంలో అర్ధశతాబ్దపు ఎడం ఏర్పడిందన్నమాట.

చట్టాలవల్ల కలిగిన మేలు తక్కువది కాదు. మద్రాసు, ఆంధ్ర చట్టాల ద్వారా స్థానిక పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలయింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు, శాఖా గ్రంథాలయాలు, పుస్తక నిక్షేప కేంద్రాలు ఏర్పడ్డాయి. దాతల దయపై ఆధారపడిన భాండాగారికి జీతం, ఉద్యోగ భద్రత వచ్చాయి. పెద్ద గ్రంథాలయాలలో బాలల విభాగం పేరిట ఒక మూల గాని, ఒక గది గాని వెలసింది.

అయితే ఆ ఉద్యోగం స్వరూపం కూడా మారింది. గ్రంథపాలకుడు ప్రభుత్వపు సొత్తుకు జవాబుదారీ అయ్యాడు. ఏటా పుస్తకాలు లెక్క తేల్చాలి. పోయిన పుస్తకానికి సంజాయిషీ చెప్పాలి. శిక్షణలో వర్గీకరణకు, సూచీకరణకు ఉన్న ప్రాధాన్యం కథ చెప్పడానికి లేదు. ఇటువంటి ఏర్పాటులో పిల్లవాడు ప్రమాదకరమైన పాఠకుడిగా కనిపిస్తాడు. అతను పుట నలుపుతాడు, బొమ్మకు రంగు వేస్తాడు, పుస్తకాన్ని ఎక్కడో మరచిపోతాడు. అందుకే చాలాచోట్ల బాలల పుస్తకాలు అద్దాల బీరువాలోకి చేరాయి, దానికి తాళం పడింది. ఇది ఏ ఒక్క ఉద్యోగి తప్పూ కాదు. ఒక్కరే తలుపు తెరిచి, పత్రికలు సర్ది, చందాలు వ్రాసి, తలుపు మూసే శాఖా గ్రంథాలయంలో పిల్లలకు కథ చెప్పే తీరిక ఎవరికి ఉంటుంది? బాలల విభాగం ఏర్పడింది గాని, బాలల గ్రంథపాలకుడనే స్థానం చాలావరకు నిండలేదు.

గ్రంథాలయం వెలుపల ఆ పని చేసినవారు

స్థానం ఖాళీగా ఉన్నా పని ఆగలేదు. గ్రంథాలయం చేయలేని పనిని రేడియో, పత్రిక తలకెత్తుకున్నాయి. 'రేడియో అన్నయ్య' న్యాయపతి రాఘవరావుగారు బరంపురంలో జన్మించినవారు. ఆయన, 'అక్కయ్య' కామేశ్వరిగారు మద్రాసు ఆకాశవాణిలో బాలల కార్యక్రమాలను తీర్చిదిద్దారు. 1940లో బాలానంద సంఘాన్ని స్థాపించారు. 1945లో 'బాల' పత్రికను తెచ్చారు. పిల్లల చేత పాడించడం, ఆడించడం, వారు వ్రాసినవాటిని అచ్చువేయడం వారి పద్ధతి. తరువాతి కాలంలో ప్రముఖులైన ముళ్ళపూడి వెంకటరమణగారి తొలి రచన వెలువడింది ఆ పత్రికలోనే.

1947 జులైలో మద్రాసునుండి 'చందమామ' తెలుగు, తమిళ భాషలలో ఒకేసారి మొదలయింది. ఒక తరానికి నెలనెలా ఇంటి గుమ్మంలోకి వచ్చే గ్రంథాలయం అది. తరువాత నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయం ద్వారా తక్కువ ధరకు బొమ్మల పుస్తకాలు తెలుగులోనూ అందాయి. వీటిలో ముఖ్యమైనవి ఆంధ్ర రాష్ట్రం వెలుపల, మద్రాసులో రూపొందాయన్నది మనం గుర్తించదగిన సంగతి. తెలుగు పిల్లల పఠనానికి ఒకనాడు కేంద్రంగా నిలిచిన నగరం నేటి తమిళనాడు రాజధాని.

ఆ ఏర్పాటు కూడా శాశ్వతం కాలేదు. 'బాల' ఎన్నడో నిలిచిపోయింది. 'చందమామ' గత దశాబ్దపు తొలి సంవత్సరాలలో ఆగిపోయింది. గుమ్మంలోకి వచ్చే తెలుగు పుస్తకం లేని తరం మన కళ్ళముందు పెరుగుతున్నది.

ఒక దూరదేశపు ఉదాహరణ

మన వంటి స్థితి మరొకచోట ఎలా ఎదురయిందో, ఒక గ్రంథపాలకురాలు దానికి ఏ మార్గం వెదకిందో చెప్పుకోవడం అవసరం. 1921లో న్యూయార్కు పౌర గ్రంథాలయం హార్లెం ప్రాంతపు శాఖలో పూరా బెల్ప్రే అనే యువతిని నియమించింది. ఆమె ప్వెర్టో రీకో ద్వీపంనుండి వచ్చినవారు. మాతృభాష స్పానిష్. ఆ పేటలలో స్పానిష్ మాట్లాడే కుటుంబాలు పెరుగుతున్నా, వారి పిల్లలు గ్రంథాలయానికి వచ్చేవారు కారు. అది ఇంగ్లీషువారి చోటని వారి అభిప్రాయం.

ఆమె రెండు భాషలలో కథాకాలక్షేపాలు మొదలుపెట్టారు. బొమ్మలాటలు ఆడించారు. పేటలోని సంఘాల వద్దకు, ప్రార్థనా మందిరాల వద్దకు తానే వెళ్ళి తల్లులను పిలిచారు. తన అమ్మమ్మ చెప్పిన కథలు అరలలో ఎక్కడా లేవని గమనించి, తానే వ్రాశారు. అలా వచ్చిన 'పెరెస్ అండ్ మార్టీనా' 1932లో అచ్చయింది. ఈనాడు అమెరికాలో ఆమె పేరిట బాలసాహిత్య పురస్కారం ఇస్తున్నారు.

ఇక్కడ గమనించవలసినది ఆమె పని తీరు. పుస్తకాలు కాపాడే ఉద్యోగంగా ఆమె దానిని చూడలేదు. ఇంట్లో వినిపించే భాషకూ గ్రంథాలయపు అరకూ మధ్య తెగిపోయిన దారిని కలపడమే తన పని అనుకున్నారు. యునెస్కో 1994లో ప్రకటించిన పౌర గ్రంథాలయ ప్రణాళిక ఈ దృష్టినే సమర్థించింది. పసితనం నుండే పఠనాభ్యాసం కలిగించడాన్ని గ్రంథాలయ లక్ష్యాలలో మొదటిదిగా పేర్కొన్నది. భాషా అల్పసంఖ్యాకులకు ప్రత్యేక సేవలు అందించాలని కూడా చెప్పింది.

మన ప్రాంతాలలో నేటి స్థితి

తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుండి క్రమంగా అమలులోకి వచ్చి 2015-16 నాటికి పదో తరగతిని చేరింది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు తమ భాషలో పరీక్ష వ్రాయడానికి న్యాయస్థానాలలో మినహాయింపులు కోరవలసి వచ్చింది. రాష్ట్ర భాషను నేర్వడంపై మనకు విముఖత ఉండనక్కరలేదు. బ్రతుకుతున్న నేల భాష బిడ్డకు అవసరం. అయితే బడిలో తెలుగు గంటలు తగ్గినప్పుడు, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు తెలుగు అక్షరం కనిపించే మరొక చోటు ఏది? ఆ చోటు గ్రంథాలయం కావచ్చు.

అందుకు వనరులు లేకపోలేదు. చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయం 1896 నుండి ఉన్నది. అందులో తెలుగు పుస్తకాలు ఉన్నాయి. 2010లో ప్రారంభమైన అణ్ణా శతజయంతి గ్రంథాలయంలోను, 2023లో మదురైలో తెరచిన కలైజ్ఞర్ శతజయంతి గ్రంథాలయంలోను పిల్లల కోసం విశాలమైన విభాగాలు ఏర్పాటు చేశారు. శాఖా గ్రంథాలయాలకు అనుబంధంగా 'వాసగర్ వట్టం' పేరుతో పాఠకుల బృందాలు ఉన్నాయి. తెలుగు తల్లిదండ్రులు వాటిలో చేరి మాట్లాడవచ్చు.

కర్ణాటకలో గ్రామ గ్రంథాలయాలు 2019లో పంచాయతీరాజ్ శాఖ క్రిందికి వచ్చాయి. 2020లో 'ఓదువ బెళకు' అనే కార్యక్రమం ద్వారా పిల్లలను ఉచితంగా సభ్యులుగా చేర్చుకోవడం మొదలయింది. పల్లె గ్రంథపాలకుని పనిలో పిల్లవాడు కేంద్రస్థానానికి రావడం ఇక్కడ కనిపించే ముఖ్యమైన మార్పు. కోలారు, చిక్కబళ్ళాపురం, బళ్ళారి జిల్లాల పల్లెలలో ఈ అవకాశాన్ని మనం వాడుకోవాలి. మహారాష్ట్రలో సంఘాలు నడిపే గ్రంథాలయాలకు ప్రభుత్వం శ్రేణులను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి ఉన్నది. ముంబయి, షోలాపూరులలోని తెలుగు సంఘాలకు ఇది అనుకూలమైన మార్గం. యానాంలో తెలుగు పాలనలోనూ గుర్తింపు ఉన్న భాష. అక్కడ పుస్తకం కంటే చదివించే మనిషి కొరత మీద దృష్టి పెట్టాలి.

పాఠశాలల విషయానికి వస్తే, 2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలులో ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలనీ, అందులో పత్రికలతోపాటు కథల పుస్తకాలు కూడా ఉండాలనీ స్పష్టంగా వ్రాశారు. సమగ్ర శిక్షా పథకం క్రింద ప్రభుత్వ పాఠశాలలకు స్థాయిని బట్టి ఏటా 5,000 నుండి 20,000 రూపాయల వరకు గ్రంథాలయ గ్రాంటు ఉన్నది. తెలుగు విద్యార్థులున్న బడిలో ఆ మొత్తంలో తెలుగు పుస్తకాల వాటా ఎంత అని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది.

మరి ఆ స్థానంలో ఎవరు?

చరిత్ర చెబుతున్నది ఇదే. పిల్లలకు పుస్తకం అందించే పని మొదట ఉద్యమకారుడిది. తరువాత అది ఉద్యోగి చేతిలో సన్నగిల్లింది. రేడియో, పత్రిక కొంతకాలం మోశాయి. నేడు రాష్ట్రం వెలుపల ఉన్న మన పిల్లలకు సంబంధించి ఆ పని తెలుగు ఉపాధ్యాయుని ముంగిట వచ్చి నిలిచింది. జీతంలో చేరని ఈ బాధ్యతను మోయమనడం న్యాయమా అని ప్రశ్నించవచ్చు. ప్రశ్న సబబే. గ్రంథాలయాలలో బాలల కోసం శిక్షణ పొందిన సిబ్బందిని నియమించాలని, బహుభాషా ప్రాంతాలలో ఆ సిబ్బందిలో మన భాష తెలిసినవారు ఉండాలని మనం కోరుతూనే ఉండాలి. కోరిక తీరేదాకా పిల్లవాడి వయస్సు ఆగదు గనుక, చేతిలో ఉన్నదానితో మొదలుపెట్టాలి.

ఒక పెట్టె, నలభై పుస్తకాలు చాలు. వాటికి తాళం వేయవద్దు. ఇచ్చిపుచ్చుకొనే పుస్తకాన్ని పిల్లల్లో ఒకరి చేతికే అప్పగించాలి. ఏడాదికి నాలుగైదు పుస్తకాలు చిరగడం, పోవడం సహజమని ముందే ఒప్పుకోవాలి. చిరిగిన పుస్తకం చదివిన పుస్తకమే. వారానికి రెండు రోజులు పావుగంట సేపు బిగ్గరగా చదివి వినిపించాలి. చదివిన తరువాత ప్రశ్నలు, మార్కులు వద్దు. పుస్తకాలు దొరకని చోట 2015లో మొదలైన 'స్టోరీవీవర్' వంటి వేదికలలో ఉచితంగా లభించే తెలుగు కథలను ముద్రించి కుట్టుకోవచ్చు.

పుస్తకపు తెలుగు తమ ఇంటి తెలుగులా లేదని పిల్లలు వెనుదీయడం మనందరి అనుభవంలో ఉన్నదే. దీనికి మందు వారి ఇంటి కథలనే పుస్తకం చేయడం. కోవిల్పట్టి ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టిన కి.రాజనారాయణన్‌గారు తమ పెద్దలు చెప్పిన వలస కథలను తమిళంలో నవలలుగా వ్రాసి, 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. తమిళానికి అది గొప్ప సంపద. అటువంటి కథలు మన అవ్వల నోట ఇంకా ఉన్నాయి. వాటిని పిల్లల చేత అడిగించి, వారి యాసలోనే వ్రాయించి, బొమ్మలు వేయించి, అట్ట కట్టి పెట్టెలో చేర్చాలి. పులికాట్ సరస్సు తీరపు తెలుగును అచ్చులోకి తెచ్చిన స.వెం.రమేశ్‌గారి 'ప్రళయకావేరి కథలు' ఇటువంటి ప్రయత్నానికి చక్కని ధైర్యం ఇస్తాయి.

చివరగా ఒక చిన్న పని. ఈ నెలలో ఒక శనివారం మీ తరగతి పిల్లలను దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి తీసుకువెళ్ళండి. వారి చేతనే సభ్యత్వపు కాగితాలు నింపించండి. తమకు కావలసిన తెలుగు పుస్తకాల పేర్లను అక్కడి సూచనల పుస్తకంలో వారి చేతివ్రాతతోనే వ్రాయించండి. తెలుగు చదివే పిల్లలు ఈ ఊరిలో ఉన్నారన్న సంగతి గ్రంథాలయపు లెక్కల్లోకి ఎక్కితేనే వారి కోసం ఒక అర, ఆ అర పక్కన ఒక మనిషి కావాలని అడగడానికి మనకు ఆధారం దొరుకుతుంది.